ఒకే కళాశాల, మారుతున్న పట్టాలు: సీమ విశ్వవిద్యాలయాల వెనుక కథ

అనంతపురం ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలలో ఒకే ఇంటికి చెందిన మూడు తరాలవారు చదివి ఉంటే, వారి డిగ్రీ పట్టాల మీద మూడు వేర్వేరు విశ్వవిద్యాలయాల ముద్రలు కనిపించే అవకాశం ఉంది. తాత పట్టా మద్రాసు విశ్వవిద్యాలయానిది, తండ్రి పట్టా తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానిది, మనవడి పట్టా ఊరి శివారులోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయానిది. ముగ్గురూ కూర్చున్నది అవే గదుల్లో. పూర్వ విద్యార్థుల సమ్మేళనాలు జరిగినప్పుడు, ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే నాక్ బృందం వచ్చి మీ పూర్వ విద్యార్థులు ఎవరు, సంస్థకు వారు చేసిన సాయం ఏమిటి అని అడిగినప్పుడు, ఈ ముద్రల చిక్కు బయటపడుతుంది. అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో చదివి పైకి వచ్చినవారు తక్కువేమీ కాదు. వారిలో చాలామంది వేరే ఊరి విశ్వవిద్యాలయం ఖాతాలో ఉన్నారు. ఇది ఎలా జరిగిందో తెలియాలంటే వందేళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నందువల్ల బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలను దత్త మండలాలని పిలిచేవారు. 1916లో అనంతపురంలో ప్రభుత్వం నెలకొల్పిన కళాశాలకూ సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీ అనే ఆ పేరే పెట్టారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ తొలి రోజుల్లో కొద్దికాలం అక్కడ తత్త్వశాస్త్రం బోధించారు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన భాషాశాస్త్రవేత్త చిలుకూరి నారాయణరావు అక్కడే తెలుగు అధ్యాపకుడిగా పనిచేశారు. 1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభతో పాటు జరిగిన దత్త మండలాల సదస్సులో, పరాయి పాలకుడు ధారపోసిన నేల అని గుర్తుచేసే ఆ పాత పేరును వదిలి ఈ ప్రాంతాన్ని రాయలసీమ అని పిలవాలని ప్రతిపాదించింది ఆయనే. ఒక ప్రాంతానికి పేరు పెట్టిన ఘనత ఒక కళాశాల అధ్యాపకుడికి దక్కడం అరుదు. ఆ కళాశాల సాధించినవాటిలో దీన్నే మొదట చెప్పుకోవలసి ఉండగా, ఇప్పటి విద్యార్థుల్లో ఎక్కువమందికి ఈ సంగతి తెలియకపోవడం విచారకరం.

ఆ కళాశాల పూర్వ విద్యార్థుల్లో అందరికన్నా పేరొందిన వ్యక్తి అక్కడ డిగ్రీ పూర్తిచేయనే లేదు. ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి 1931లో చదువు వదిలి జాతీయోద్యమంలోకి వెళ్లిపోయారు. తరువాత ముఖ్యమంత్రిగా, లోక్‌సభ స్పీకరుగా పనిచేసి, 1977లో రాష్ట్రపతి అయ్యారు. 1958లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. అంటే ముద్రల లెక్కలో అనంతపురం విద్యార్థి చివరికి తిరుపతి వాడయ్యాడు. ఒకే కళాశాల ఒక రాష్ట్రపతికి పాఠం చెప్పే చోటునూ, మరొక రాష్ట్రపతికి పాఠం వినే చోటునూ ఇచ్చింది.

విశ్వవిద్యాలయం విషయానికి వస్తే, తెలుగువారి కోసం 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దాని కార్యస్థానం బెజవాడ. శాశ్వత కేంద్రం ఎక్కడ ఉండాలనే వాదంలో అనంతపురం పేరూ వినిపించింది గాని, 1930 నాటికి అది వాల్తేరుకు చేరింది. వాల్తేరు కంటే మద్రాసే సీమకు దగ్గర కాబట్టి, అంత దూరం వెళ్లేకన్నా మద్రాసు విశ్వవిద్యాలయం కిందే ఉండడం మేలని దత్త మండలాల ప్రతినిధులు భావించారు. ఇక్కడి కళాశాలలు మళ్లీ మద్రాసు పరిధిలోనే నిలిచాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయపు తొలి ఉపాధ్యక్షుడు (వైస్ చాన్సలర్) కట్టమంచి రామలింగారెడ్డి చిత్తూరు జిల్లావారు, అంటే సీమవారే కావడం ఈ కథలో ఒక విచిత్రం. మనిషి సీమవాడైనంత మాత్రాన సంస్థ సీమకు రాదని ఆ రోజుల్లోనే తేలిపోయింది.

ఈ అసంతృప్తి 1937లో కాగితం మీదికి ఎక్కింది. ఆ ఏడాది నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా, సీమ నాయకులు ఒక ఒడంబడిక మీద సంతకాలు చేశారు. కడప కోటిరెడ్డి, కల్లూరి సుబ్బారావు, పప్పూరి రామాచార్యులు వంటివారు సీమ పక్షాన నిలిచారు. తుంగభద్ర, కృష్ణ, పెన్నా నీళ్ల గురించీ, రాజధాని లేదా హైకోర్టు గురించీ అందులో ఉన్న షరతులు నేటికీ అందరి నోళ్లలో నానుతున్నాయి. అయితే ఒడంబడిక మొదటి అంశం చదువుకు సంబంధించినది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వాల్తేరులో ఒకటి, అనంతపురంలో ఒకటి చొప్పున రెండు కేంద్రాలుండాలని అది చెప్పింది. నీళ్ల మీద జరిగినంత చర్చ ఈ అంశం మీద ఎన్నడూ జరగలేదు. నీరు లేకపోతే పంట ఎండడం కళ్లకు కనబడుతుంది, విశ్వవిద్యాలయం లేకపోతే ఏం ఎండిందో చూపించడం కష్టం.

స్వాతంత్ర్యానికి ముందువెనుకల ప్రభుత్వం ఇచ్చిన పెద్ద సంస్థ ఇంజనీరింగ్ కళాశాల. 1946లో దీన్ని అనంతపురం పేరుతో మంజూరు చేసినా, తరగతులు మొదలైంది మద్రాసులోని గిండీలో. 1948లో గాని అది అనంతపురం రాలేదు. ఆ కళాశాల మొదట మద్రాసు విశ్వవిద్యాలయానికి, తరువాత తిరుపతికి అనుబంధంగా ఉండి, 1972 అక్టోబరు 2న హైదరాబాదు, కాకినాడ కళాశాలలతో కలిసి జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయంలో భాగమైంది. అప్పటి నుంచి 36 ఏళ్లపాటు అనంతపురంలో చదివిన ఇంజనీర్ల పట్టాల మీద హైదరాబాదు చిరునామా ఉండేది. 2008లో ఆ విశ్వవిద్యాలయాన్ని విభజించినప్పుడు జేఎన్‌టీయూ అనంతపురం విడిగా ఏర్పడింది. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవోకు 2018 నుంచి 2022 వరకు అధిపతిగా ఉన్న జి. సతీశ్‌రెడ్డి ఇక్కడే ఎలక్ట్రానిక్స్ చదివారు. ఆయన వంటివారిని అనంతపురం సొంతం చేసుకోగలుగుతున్నదంటే, ఆ కళాశాల తన పేరును ఏ దశలోనూ పోగొట్టుకోకపోవడమే కారణం.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మరుసటి ఏడాది తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. సీమకు విశ్వవిద్యాలయం రావడం వాస్తవమే. దేవస్థానం అండ ఉన్న తిరుపతిని ఎంచుకోవడంలో ఆచరణ దృష్టి కూడా ఉంది కాబట్టి దాన్ని కేవలం అన్యాయంగా చిత్రించడం సరికాదు. కానీ శ్రీబాగ్‌లో రాసుకున్న ఊరు తిరుపతి కాదు. ఆదోని నుంచి తిరుపతికి 350 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. బి.ఏ. పూర్తిచేసిన పశ్చిమ సీమ విద్యార్థికి ఎం.ఏ. చదవాలంటే ఆ దూరమే మొదటి ప్రవేశ పరీక్ష. రాజధానిగా మూడేళ్లు ఉన్న కర్నూలుకు 1956లో వైద్య కళాశాల దక్కింది. విశ్వవిద్యాలయం కోసం అది ఇంకా యాభై ఏళ్లకు పైగా ఎదురుచూడవలసి వచ్చింది.

1968లో తిరుపతి విశ్వవిద్యాలయం అనంతపురంలో పీజీ కేంద్రం తెరిచింది. ఒడంబడికలో రాసిన కేంద్రం 31 ఏళ్లకు, మరో విశ్వవిద్యాలయం పేరుతో వచ్చింది. పీజీ కేంద్రమంటే చదువు ఇక్కడ, నిర్ణయం అక్కడ. ఏ శాఖ తెరవాలో, ఎన్ని పోస్టులు నింపాలో, పరీక్ష ఎప్పుడు పెట్టాలో తేల్చేది ప్రధాన ప్రాంగణమే. 1976లో ఈ కేంద్రానికి స్వయంప్రతిపత్తి లభించింది. 1981లో అది శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం (ఎస్కేయూ) అయింది. అదే ఏడాది అదే జిల్లాలోని పుట్టపర్తిలో శ్రీ సత్యసాయి ఉన్నత విద్యా సంస్థ డీమ్డ్ విశ్వవిద్యాలయంగా గుర్తింపు పొందింది. నలభై నాలుగేళ్లు ఒక కేంద్రం కోసం అడిగిన జిల్లాకు ఒక్క సంవత్సరంలో రెండు విశ్వవిద్యాలయాలు దక్కాయి. కొత్త విశ్వవిద్యాలయం మొదట తన ప్రాంగణానికే పరిమితమై ఉండి, 1980ల చివర్లో గాని చుట్టుపక్కల డిగ్రీ కళాశాలలను తన కిందికి తీసుకోలేదు. మనవడి పట్టా మీద ముద్ర మారింది అప్పుడే.

అనంతపురానికి కొద్ది దూరంలో, ఆకుతోటపల్లి దగ్గర, చెట్టు కూడా కష్టపడి పెరిగే నేలలో వెలసిన ఎస్కేయూ ప్రాంగణం తొందరగానే తనదైన స్వభావం సంతరించుకుంది. వేరుశనగ పండిస్తే పండినట్టు, లేకపోతే లేనట్టు బతికే కుటుంబాల నుంచి వచ్చిన మొదటి తరం విద్యార్థులు హాస్టళ్లను నింపారు. రాయదుర్గం, మడకశిర వైపు నుంచి వచ్చినవారిలో ఇంట్లో కన్నడం మాట్లాడేవారూ ఉంటారు. స్కాలర్‌షిప్ ఆలస్యమైతే మెస్ బిల్లు కట్టలేని స్థితి, పీజీ పూర్తయినా హాస్టల్ గదిని వెంటనే వదలలేక డీఎస్సీకీ గ్రూప్స్‌కూ గ్రంథాలయంలో చదువుకోవడం ఆ ప్రాంగణ జీవితంలో భాగాలు. బయటివారు దీన్ని క్రమశిక్షణ లోపమని అంటుంటారు. ఊరికి తిరిగి వెళితే చదువుకునే చోటు ఉండదని తెలిసినవారు అలా అనలేరు.

అధ్యాపకుల్లో తెలుగు శాఖ పేరు ముందుగా చెప్పుకోవాలి. గుంటూరు జిల్లా నుంచి వచ్చిన కొలకలూరి ఇనాక్ ఇక్కడ ఏళ్ల తరబడి బోధించి, తరువాత తిరుపతి విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులయ్యారు. అనంతపురం కరువు జీవితం మీద ఆయన రాసిన నవలకు మూర్తిదేవి పురస్కారం దక్కింది. సాహిత్య విమర్శకుడు రాచపాళెం చంద్రశేఖరరెడ్డి ఇక్కడ పనిచేసినవారే. 2014లో ఆయనకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కరువు గురించిన కథ, కరువు గురించిన విమర్శ రెండూ ఒక విశ్వవిద్యాలయ శాఖలో కలిసి పెరగడం యాదృచ్ఛికం కాదు. ఎదురుగా కూర్చున్న విద్యార్థి జీవితమే అక్కడ పాఠ్యాంశమైంది.

ఇదే ప్రాంగణం ఉద్యమాలకూ నెలవైంది. 2009 డిసెంబరు 9న తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని కేంద్రం ప్రకటించాక, సమైక్యాంధ్ర ఉద్యమానికి ఎస్కేయూ ముఖ్య కేంద్రాల్లో ఒకటైంది. విభజన తరువాత ఆ నినాదం చల్లారినా, రాయలసీమ హక్కుల చర్చ చల్లారలేదు. ఏటా నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడికను గుర్తుచేసుకునే సభల్లో విద్యార్థులు కనిపిస్తారు. తమ ప్రాంగణం ఆ ఒడంబడిక మొదటి అంశానికి ఆలస్యంగా అందిన జవాబని వారిలో ఎంతమంది గమనిస్తారో గాని, వేదికల మీద నీళ్ల మాటే ఇప్పటికీ ముందు వస్తుంది.

కడప, కర్నూలు కథలు ఇదే దారిలో నడిచాయి. రెండుచోట్లా 1977లో తిరుపతి విశ్వవిద్యాలయం పీజీ కేంద్రాలే వచ్చాయి. కడప కేంద్రం 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయమైంది. కడప ప్రజలు ఒక మంచి వస్తువును దానికి కట్టబెట్టారు. సి.పి. బ్రౌన్ నివసించిన బంగళా స్థలంలో జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో, విరాళాలతో కట్టిన గ్రంథాలయం 2006లోనే భాషా పరిశోధన కేంద్రంగా ఆ విశ్వవిద్యాలయంలో చేరింది. ప్రభుత్వం ఇచ్చినదాని కంటే ఊరు ఇచ్చినది పాతదైన విశ్వవిద్యాలయం ఇది.

కర్నూలు కేంద్రం 1993లో తిరుపతి నుంచి అనంతపురం విశ్వవిద్యాలయం చేతికి మారి, 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయమైంది. ముద్రల గందరగోళం పరాకాష్ఠకు చేరింది ఈ నగరంలోనే. స్వాతంత్ర్య రజతోత్సవ గుర్తుగా 1972లో కోస్తా, సీమ, తెలంగాణ మూడు ప్రాంతాల విద్యార్థుల కోసం పెట్టిన సిల్వర్ జూబిలీ కళాశాల మొదట తిరుపతికి, తరువాత అనంతపురానికి, తరువాత కర్నూలు విశ్వవిద్యాలయానికి అనుబంధమై, చివరికి కె.వి.ఆర్. మహిళా కళాశాల, 1947లో అబ్దుల్ హక్ స్థాపించిన ఉస్మానియా కళాశాలలతో కలిసి క్లస్టర్ విశ్వవిద్యాలయంలో భాగమైంది. యాభై ఏళ్లలో నాలుగు ముద్రలు. అక్కడ చదివినవారు మాత్రం ఎక్కడ కలిసినా తాము జూబిలీ కాలేజీవాళ్లమనే చెప్పుకుంటారు.

విశ్వవిద్యాలయాలు ఇన్ని వచ్చినా కౌన్సెలింగ్ పత్రాల్లో తిరుపతి పేరు పోలేదు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రవేశాల కోసం రాష్ట్రాన్ని ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల పరిధులుగా విడగొట్టి, 85 శాతం సీట్లను స్థానికులకు కేటాయించింది. ఉమ్మడి రాష్ట్రంలో రాష్ట్రస్థాయి సంస్థల్లో ఈ మూడు పరిధుల వాటా 42, 36, 22గా ఉండేది. నెల్లూరు కూడా తిరుపతి పరిధిలోదే. ఎస్కేయూ, యోగి వేమన, రాయలసీమ విశ్వవిద్యాలయాలు పుట్టాక కూడా ఈ పరిధి పేరు మారలేదు. తిరుపతి ముఖం చూడని ఆలూరు పిల్లవాడు కూడా స్థానికత అడిగిన గడిలో ఎస్వీయూ అని రాయడం దశాబ్దాలపాటు సాగింది. పాత పట్టా పోగొట్టుకున్న పెద్దమనిషి నకలు కోసం ఎవరిని అడగాలన్నది కూడా ఆయన ఏ ఏడాది పరీక్ష రాశాడన్నదాన్ని బట్టి తేలుతుంది. కళాశాల ఇంటి పక్కనే ఉన్నా దరఖాస్తు మాత్రం తిరుపతికో చెన్నైకో వెళ్లాలి.

రాష్ట్ర విభజన చట్టం హామీ ఇచ్చిన కేంద్రీయ విశ్వవిద్యాలయం కూడా ఈ ఆనవాయితీ తప్పలేదు. 2018లో అనంతపురంలో జేఎన్‌టీయూ భవనాల్లో, హైదరాబాదు విశ్వవిద్యాలయం మార్గదర్శకత్వంలో తరగతులు మొదలయ్యాయి. పార్లమెంటు చట్టసవరణ చేసింది 2019లో. శాశ్వత ప్రాంగణానికి బుక్కరాయసముద్రం మండలం జంతలూరు దగ్గర స్థలం కేటాయించారు.

కాబట్టి ఇక్కడి పూర్వ విద్యార్థుల జాబితాలు తయారుచేసేవారు విశ్వవిద్యాలయం ముద్రను ఆధారంగా తీసుకుంటే, 1981కి ముందు చదివినవారంతా అనంతపురం లెక్క నుంచి జారిపోతారు, 2008కి ముందువారు కర్నూలు లెక్క నుంచి జారిపోతారు. కళాశాల పేరును, ప్రాంగణాన్ని ఆధారంగా తీసుకుంటే చిలుకూరి శిష్యుల నుంచి నిన్న మొన్న ఎం.ఏ. ముగించినవారి దాకా ఒకే వరుసలోకి వస్తారు. నాక్ పత్రాల్లో పూర్వ విద్యార్థుల గడి నింపేటప్పుడు ఆర్ట్స్ కళాశాల ఈ పని సులువుగా చేయగలదు. పీజీ కేంద్రాల నాటి రిజిస్టర్లు తిరుపతి చేతుల మీదుగా నడిచాయి కాబట్టి, విశ్వవిద్యాలయాలు ఆ పని చేయాలంటే ముందుగా ఆ రికార్డులనే వెతకాలి.