పాత ప్లేటు మీది పాటకి బాణీ ఎవరిది? కొన్ని అపోహలు, వాస్తవాలు

పాత 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 సార్లు తిరిగే) గ్రామఫోన్ ప్లేట్లని డిజిటల్‌లోకి ఎక్కించి వాటి వివరాలు రాసిపెట్టడం నా పని. పాడినవాళ్ల పేరు దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది. రాసినవాళ్లది కాస్త వెతికితే దొరుకుతుంది. బాణీ కట్టినవాళ్ల దగ్గరికొచ్చేసరికే అసలు టెన్షన్ మొదలవుతుంది, ఎందుకంటే ఆ గడిలో ఎవరో ఒకరి పేరు పెట్టేయాలని అందరికీ తొందర. నన్ను తరచూ అడిగేవాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

అపోహ: లేబుల్ మీద ఉన్న పేరే స్వరకర్త.

వాస్తవం: లేబుల్ అచ్చేసింది ప్లేటు అమ్ముడుపోవడానికి, చరిత్ర రాయడానికి కాదు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడిన రికార్డుల చివర ఆవిడే తన పేరు ఇంగ్లీషులో చెప్పడం వినిపిస్తుంది. ఆ మాస్టర్లు, అంటే పాట మొదట ఎక్కించిన అసలు అచ్చులు, జర్మనీలోని హానోవర్‌కి వెళ్లి అక్కడ ప్లేట్లుగా అచ్చయ్యేవి, ఏ పాట ఎవరిదో అక్కడివాళ్లకి తెలియాలి కదా. అంటే మొదటినుంచీ ఈ వ్యాపారానికి కావలసింది పాడినవాళ్ల పేరే. తర్వాత వచ్చిన మన ప్లేట్ల మీద కూడా చాలావాటికి పాట మొదటి ముక్క, గాయకుల పేరు, ఒక్కోసారి రాగం తాళం, అంతే. ఎక్కడైనా బ్రాకెట్లో ఇంకో పేరు కనిపిస్తే అది కవిదో, బాణీ కట్టినాయనదో ఆ ఒక్క ప్లేటు చూసి తేల్చలేం.

అపోహ: లేబుల్ మీది నంబరు చూస్తే ఎప్పటి రికార్డో, ఎవరి పనో తెలిసిపోతుంది.

వాస్తవం: అది కేటలాగ్ నంబరు, కంపెనీ అమ్మకానికి ఇచ్చుకున్నది. మనకి పనికొచ్చేది మ్యాట్రిక్స్ నంబరు, అంటే రికార్డు చేసినప్పుడు ఆ మాస్టరుకి వేసిన నంబరు. లేబుల్‌కీ గాడులకీ మధ్య నున్నగా ఉండే చోట, ప్లేటుని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే కనిపిస్తుంది. రెండు వైపులా కేటలాగ్ నంబరు ఒకటే అయినా మ్యాట్రిక్స్ మాత్రం వేరు. కొన్నేళ్ల తర్వాత అదే పాటని కొత్త కేటలాగ్ నంబరుతో మళ్లీ వదిలినా, పాత మాస్టరే వాడితే మ్యాట్రిక్స్ మారదు. ఇది బాణీ ఎవరిదో నేరుగా చెప్పదు గానీ, దీనికి ముందూ వెనకా నంబర్లున్న ప్లేట్లు వెతికితే ఆ రోజుల్లో అదే స్టూడియోలో ఇంకెవరు పాడారో తెలుస్తుంది. వాటిలో ఏదో ఒక ప్లేటు మీద సంగీతం ఫలానావారని ఉంటే, మన వెతుకులాట ఎవరి చుట్టూ తిరగాలో అర్థమవుతుంది. అది ఆధారం మాత్రమే, రుజువు కాదు. ఆ పేరుని తెచ్చి మన ప్లేటుకి తగిలించకూడదు.

అపోహ: సినిమా పాటయితే గొడవే లేదు, టైటిల్స్‌లో సంగీత దర్శకుడి పేరు ఉంటుంది.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. బాలాంత్రపు రజనీకాంతరావుగారినే తీసుకోండి. ఆయన మద్రాసు ఆకాశవాణిలో ఉద్యోగి, సినిమాలకి సొంత పేరుతో పనిచేసే వీలు లేని ఉద్యోగం. 1946లో వచ్చిన 'గృహప్రవేశం'కి సంగీతం నళినీకాంతరావు అని ఉంటుంది, అది ఆయన సోదరుడి పేరు, పని మాత్రం రజనీకాంతరావుగారిదే. అంతకు ముందు ఏడాది వచ్చిన 'స్వర్గసీమ'కి సంగీతమంటే నాగయ్య, ఓగిరాల రామచంద్రరావు పేర్లే చెప్తారు. కానీ అందులో భానుమతి పాడిన 'ఓహో పావురమా' రజనిగారి చేతిలో రూపుదిద్దుకుంది, దానికి ప్రేరణ 1941 నాటి హాలీవుడ్ సినిమా 'బ్లడ్ అండ్ శాండ్'లోని పాట. ఇంత కథ ఒక్క టైటిల్ కార్డులో ఎలా పడుతుంది? పెద్దాయన 2018 దాకా మన మధ్యే ఉన్నారు కాబట్టి, అభిమానులు అడిగారు కాబట్టి ఈ సంగతులు నిలిచాయి. అడిగేవాళ్లు లేకుండా పోయిన సహాయకులు, ఆర్కెస్ట్రా వాళ్లు ఎంతమందో అనుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

నాటకాల నుంచి సినిమాల్లోకి వచ్చిన పాటలది ఇంకో తీరు. 1966 నాటి 'శ్రీకృష్ణ తులాభారం'లో సుశీల పాడిన 'మీరజాలగలడా' వినగానే పెండ్యాల సంగీతం అంటాం, సినిమా వరకు అది నిజమే. కానీ ఆ పాట స్థానం నరసింహారావుగారు సత్యభామ వేషం కోసం రాసుకున్నది, సినిమాకి ఎన్నో ఏళ్ల ముందే స్టేజీ మీద జనానికి కంఠతా వచ్చేసింది. అదే సినిమాలోని 'భలే మంచి చౌకబేరము' కూడా నాటకం పాటే, రాసింది చందాల కేశవదాసుగారు. ఇలాంటి పాటకి వివరాలు రాసేటప్పుడు నాటకం వరుస, సినిమా సంగీతం అని రెండు గడులు పెట్టాలి. ఒక్క గడే ఉంటే అందులో సినిమా పేరే గెలుస్తుంది, నాటకం కంపెనీలో హార్మోనియం పెట్టె ముందు కూర్చున్న మనిషి మళ్లీ ఓడిపోతాడు.

అపోహ: పాడినవాళ్లే బాణీ కట్టుకుని ఉంటారు.

వాస్తవం: కొందరి విషయంలో నిజం. 'పుష్పవిలాపం' పద్యాలు కరుణశ్రీవి, బాణీ, గొంతు రెండూ ఘంటసాలవే. కానీ స్వాతంత్ర్యం వచ్చిన వేళ మద్రాసు రేడియోలో టంగుటూరి సూర్యకుమారి పాడిన 'మాదీ స్వతంత్ర దేశం' ఆవిడ పాటగానే చాలామందికి గుర్తు. రాసిందీ వరుస కట్టిందీ మళ్లీ రజనిగారే.

అపోహ: సంప్రదాయ కీర్తన అంటే బాణీ కూడా అప్పటిదే.

వాస్తవం: అన్నమయ్య పాటలు తిరుమల రాగిరేకుల మీద దొరికాయి, వాటిమీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. మనం ఇవాళ రేవతి రాగంలో వినే 'నానాటి బతుకు' బాణీ నేదునూరి కృష్ణమూర్తిగారిది. సీడీ మీద 'అన్నమాచార్య' అని ఒక్క మాట వేసి వదిలేస్తే ఐదు వందల ఏళ్ల తర్వాత దానికి ప్రాణం పోసిన మనిషి మాయమైపోతాడు.

అపోహ: పది సైట్లలో ఒకే పేరుంటే అది ఖాయం.

వాస్తవం: ఒకరు రాసింది తొమ్మిదిమంది ఎత్తి రాసుకుంటే అది ఒక్క సాక్ష్యమే. యాప్‌లలో సంగీతం గడి ఖాళీగా ఉంచకూడదని గాయకుల పేరే దించేస్తున్నారు. ఒకరిని చూసి ఇంకొకరు రాయని రెండు ఆధారాలు దొరికేదాకా నేను 'తెలియదు' అనే రాస్తాను. నాకు నమ్మకమైనవి ఆ కాలంలోనే అచ్చయిన కాగితాలు: హాలు దగ్గర అమ్మిన పాటల పుస్తకం, కంపెనీ కేటలాగ్, 'రూపవాణి' లాంటి పత్రికల్లో ప్రకటనలు, రేడియో కార్యక్రమాలు అచ్చేసిన 'వాణి'.

అపోహ: కాపీరైట్ ఎవరిదో వాళ్లే స్వరకర్త.

వాస్తవం: రికార్డింగు మీద హక్కు వేరు, సంగీతం మీద హక్కు వేరు. మన చట్టంలో రికార్డింగుకి విడుదలైన తర్వాత 60 ఏళ్లు, స్వరకర్త హక్కుకి ఆయన జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. ఇంకో సంగతి, 1957 చట్టంలో సంగీత రచన అంటే కాగితం మీద రాసి ఉన్నదే. 1994 సవరణతో గానీ ఆ షరతు పోలేదు. నోటితో నేర్పి, పెట్టె మీద వాయించి చూపించిన మన వరుసకర్తల్లో ఎంతమంది స్వరం రాసిపెట్టుకున్నారు?

మీ ఇంట్లో పాత ప్లేట్లుంటే రెండు వైపులా లేబుల్‌నీ, ఆ నున్నటి చోటునీ ఫోటో తీసి ఉంచండి. నాటకాల పుస్తకాలు, పాటల పుస్తకాలు చిరిగిపోయినవైనా సరే తూకానికి వేయకండి. చాలావాటిలో పాట పైన చిన్న అక్షరాలతో 'ఫలానా పాట వరుస' అనో, 'ఫలానా పాట అను మట్టు' అనో ఉంటుంది, అంటే ఆ పాట బాణీలోనే దీన్నీ పాడాలని. నేను ముందు చదివేది ఆ లైనే.