గట్టిదనమా, కట్టుకొయ్యా?

మూలకణం తన కిందున్న జెల్ ఎంత గట్టిగా ఉందో పసిగడుతుందా, లేక ఆ జెల్‌ను కొలాజెన్ (కణాలు పట్టు కోసం వాడుకునే ప్రోటీన్ పోగు) ఎంత బిగువుగా పట్టుకుని ఉందో చూసుకుంటుందా? తగవు మళ్లీ మొదటికొచ్చింది. అసలు మెలిక 2012లో పడింది.

అప్పటిదాకా అందరూ 2006 నాటి పెన్సిల్వేనియా యూనివర్సిటీ ఫలితాన్నే చెప్పుకునేవారు. ఆడమ్ ఎంగ్లర్, డెనిస్ డిషర్ బృందం కొలాజెన్ పూసిన పాలీఅక్రిలమైడ్ అనే కృత్రిమ జెల్ మీద మీసెంకైమల్ మూలకణాలు (ఎముక, కొవ్వు, కండరం లాంటివిగా మారగలవి) పెంచింది. జెల్ గట్టిదనం 1 కిలోపాస్కల్ (గట్టిదనానికి కొలత) లోపు ఉంటే నాడీకణాల పోలికలు, 8-17 మధ్య కండరం, 25-40 మధ్య ఎముక లక్షణాలు కనిపించాయి.

2012లో బ్రిటా ట్రాప్‌మన్, ఫియోనా వాట్, విల్‌హెల్మ్ హక్ తదితరులు దీనికి అడ్డం తిరిగారు. సిలికోన్ రబ్బరు గట్టిదనాన్ని 0.1 కిలోపాస్కల్ నుంచి 2.3 మెగాపాస్కల్ దాకా మార్చినా కణాలు ఒకేలా పరుచుకున్నాయి. అక్రిలమైడ్ జెల్‌ను మెత్తబరచాలంటే దాని గొలుసులను ఒకదానితో ఒకటి కలిపే క్రాస్‌లింకర్ తగ్గించాలి, అప్పుడు రంధ్రాలు పెద్దవై కొలాజెన్‌ను కట్టే కొయ్యలు ఎడం అవుతాయన్నది వాళ్ల వాదన. నులక వదులైన మంచంలా కణం లాగిన కొద్దీ పోగు సాగుతుంది, ఎదురు లాగే బలం అందదు. ఆ బలమే ముఖ్యం: కణంలోని టాలిన్ అనే ప్రోటీన్ సాగితేనే దాని మీద విన్‌కులిన్ అనే మరో ప్రోటీన్ అతుక్కునే చోట్లు తెరుచుకుంటాయని 2009లోనే చూపించారు.

ఎంగ్లర్ బృందం 2014లో ఇచ్చిన జవాబును చాలామంది పైపైన చదివి వదిలేశారు. అక్రిలమైడ్ పెంచి బిస్ (అక్రిలమైడ్ జెల్ క్రాస్‌లింకర్) తగ్గించి, లేదా అటుది ఇటు చేసి, గట్టిదనం ఒకటే ఉంచి రంధ్రాలు మాత్రం మార్చారు. ఎముక, కొవ్వు కణాలుగా మారడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కొలాజెన్‌ను జెల్‌కు అతికించే లింకర్ సాంద్రతను 50 రెట్ల దాకా మార్చారు. కొలాజెన్ పట్టు మారింది, కణాల దారి మారలేదు. కొలాజెన్‌కు అసలు ఆ కట్టు లేకపోయినా అంతే.

మరి ఒక ల్యాబ్‌కూ ఇంకో ల్యాబ్‌కూ ఫలితం ఎందుకు కలవదు? కొలాజెన్‌ను జెల్‌కు అతికించే రసాయనం సల్ఫో-సాన్‌పా దగ్గర చూడాలి. మిల్లీలీటరుకు 0.2 మిల్లీగ్రాములు కలిపి, జెల్ మీద పోసి, 365 నానోమీటర్ల దీపం కింద పెడతారు. ఎరుపు నారింజ రంగు గోధుమకు తిరగాలి. పీహెచ్ 8.5 దగ్గర దీని చురుకైన కొస నీళ్లలో నిమిషాల్లోనే చచ్చిపోతుంది. పొద్దున కలిపింది సాయంత్రం పోస్తే కొలాజెన్ అంటదు, కణాలు గుండ్రంగా ముడుచుకుంటాయి, నోట్‌బుక్‌లో మాత్రం ‘మెత్తని జెల్ ప్రభావం’ అని పడుతుంది. జెల్ మరీ పలచనైతే మరో తంటా: కణానికి అడుగున ఉన్న గాజే తగులుతుంది.

సిలికోన్ వైపూ లొసుగు లేకపోలేదు. క్రాస్‌లింకర్ బాగా తగ్గించిన సిలికోన్‌లో అతకని గొలుసులు మిగిలిపోతాయి, అది జిగటగా జారుతుంది. ఆ జిగటే వేరే కథ అని 2016లో ఓవిజిత్ చౌధురి, డేవిడ్ మూనీ బృందం ఆల్జినేట్ (సముద్రపు నాచు నుంచి తీసే పదార్థం) జెల్‌తో చూపింది: గట్టిదనం అదే 17 కిలోపాస్కల్, ఒత్తిడిని త్వరగా సడలించే జెల్‌లోనే ఎముక బాగా కట్టింది.