రెండో తడి, రెండో డోసు

మా పెదనాన్న టీకా కార్డు ఇప్పటికీ రేషన్ కార్డు కవర్లోనే ఉంది. 2021 ఏప్రిల్ 1న, 45 ఏళ్లు దాటిన అందరికీ కోవిడ్ టీకా మొదలైన రోజే, అనంతపురం పక్కన మా ఊళ్లో ఆయన కోవిషీల్డ్ వేయించుకున్నాడు. రెండో డోసు తేదీ కార్డు మీద బాల్‌పెన్నుతో రాసిచ్చారు: మే 13. లెక్కేస్తే సరిగ్గా 42 రోజులు. ఆ రోజు పోతే స్టాకు రాలేదన్నారు. సోమవారం మళ్లీ పోయాడు. మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ కదా, పొద్దున ఏడింటికే పోయి అరుగు మీద కూర్చున్నాడు.

"కంప్యూటర్ తీసుకోవడం లేదు నాయనా, 84 రోజులు కావాలంటోంది" అందట ఏఎన్ఎమ్ అమ్మాయి.

"అట్లయితే ఇంగ ఎప్పుడు రావల్లమ్మా?"

ఆమె క్యాలెండర్ చూసి, మే 13ని కొట్టేసి, పక్కన జూన్ 24 అని రాసింది. పెదనాన్న ఇంటికొచ్చి, వేసిన మొదటి సూది కూడా వృథా అయిపోతుందేమోనని ఒకటే టెన్షన్. పెద్దమ్మది కోవాగ్జిన్, అది ఇంకో కోవిడ్ టీకా. ఆమె గడువు 4 నుంచి 6 వారాలే, మారలేదు. ఒకే ఇంట్లో రెండు కార్డులు, రెండు లెక్కలు. ఇక అనుమానం రాకుండా ఎట్లుంటుంది?

కోవిషీల్డ్ గడువు మారడం అది రెండోసారి. 2021 జనవరి 16న టీకాలు మొదలైనప్పుడు 4 నుంచి 6 వారాలన్నారు. మార్చి 22న 4 నుంచి 8 వారాలకు పెంచి, 6 నుంచి 8 మధ్య వేస్తే మంచిదన్నారు. మే 13న, అంటే పెదనాన్న కార్డు మీదున్న తేదీ నాడే, 12 నుంచి 16 వారాలన్నారు. "స్టాకు లేక సైన్సు పేరు చెప్తున్నారు" అని మా ఊరి టీ కొట్టు దగ్గర అందరూ అన్నారు. స్టాకు లేని మాట నిజమే. అయితే సైన్సు కూడా అబద్ధం కాదు.

టీకా వేయించుకున్నాక కొందరికి చంకలో బిళ్ళ కట్టింది, గుర్తుందా? పని జరిగేది అక్కడే. ఆ బిళ్ళ అంటే లింఫ్ గ్రంథి. టీకా చూపించిన వైరస్ ముక్కను గుర్తుపట్టిన బి-కణాలు, అంటే వైరస్‌ను పట్టుకునే యాంటీబాడీలు తయారుచేసే కణాలు, అందులో గుంపుగా చేరతాయి. ఒక్కటి వందలవుతుంది. అలా పెరిగేటప్పుడు, యాంటీబాడీ తయారీకి తమ దగ్గరున్న జన్యువుల్లో కావాలన్నట్టు చిన్న చిన్న తప్పులు చేస్తాయి. చాలా తప్పులు దేనికీ పనికిరావు, ఆ కణాలు చచ్చిపోతాయి. ఎక్కడో ఒక తప్పు మాత్రం కలిసొస్తుంది. దాని యాంటీబాడీ వైరస్‌ను మునుపటి కంటే గట్టిగా పట్టుకుంటుంది. ఆ కణం బతుకుతుంది, మళ్లీ పెరుగుతుంది, మళ్లీ తప్పులు చేస్తుంది. మన రైతు ఏటా మంచి గింజ ఏరి విత్తనానికి దాచుకున్నట్టే ఈ ఏరివేత వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి సాగుతుంది. అలా నెగ్గిన వాటిలో కొన్ని జ్ఞాపక కణాలుగా ఒంట్లో ఉండిపోతాయి.

రెండో డోసు నిద్రలేపేది ఈ జ్ఞాపక కణాలనే. తొందరపడి వేస్తే ఇంకా ఏరివేత పూర్తికాని గుంపు లేస్తుంది. పైగా మొదటి డోసుకు పుట్టిన యాంటీబాడీలు అప్పటికింకా రక్తంలో ఎక్కువగా ఉంటాయి కాబట్టి, రెండో డోసు సరుకును అవే కొంత ఊడ్చేసే అవకాశం ఉంది. కోవిషీల్డ్‌కు ఇంకో చిక్కు కూడా ఉంది. వైరస్ ముక్క తాలూకు సమాచారాన్ని కణాల్లోకి మోసుకుపోయేది చింపాంజీల జలుబు వైరస్ ఒకటి. మన ఒళ్లు ఆ బండినే శత్రువనుకుని ఆపేయవచ్చు.

అనంతపురం జిల్లాలో ఇదంతా అర్థం చేసుకోవడానికి లింఫ్ గ్రంథి దాకా పోనక్కర్లేదు. బోరు కింద శనక్కాయ వేసేవాళ్లను అడిగితే చాలు. మొలక బాగా వచ్చాక రెండో తడి వెంటనే ఇవ్వరు. విత్తిన 20, 25 రోజుల దాకా చేనును బెట్టకు వదిలేస్తారు. చూసేవాళ్లకు చేను వాడుతోందనిపిస్తుంది. నిజానికి ఆ ఎండకే వేరు లోతుకు దిగుతుంది. ఆ తర్వాత తడి ఇస్తే పూత ఒక్కసారిగా వస్తుంది. పెదనాన్నకు నేను చెప్పిందీ ఇదే. "అంటే నాకిప్పుడు బెట్ట పెట్టినారా?" అన్నాడు.

ఇంత ఎడం మంచిదని ముందే తెలిసి పరీక్షలు చేశారా అంటే, లేదు. కోవిషీల్డ్ టీకాను రూపొందించిన ఆక్స్‌ఫర్డ్ వాళ్లు బ్రిటన్‌లో చాలామందికి మొదట ఒక్క డోసే ఇద్దామనుకున్నారు. రెండోది తర్వాత చేర్చారు. తయారీలో ఆలస్యమై కొందరికి తొందరగా, కొందరికి మూడు నెలలు దాటాక ఆ రెండోది అందింది. ఆ గందరగోళంలోంచే అసలు సంగతి బయటపడింది. ఆరు వారాల లోపు వేయించుకున్నవాళ్లలో టీకా సామర్థ్యం 55 శాతం, 12 వారాలు దాటాక వేయించుకున్నవాళ్లలో 81 శాతం. సరుకు ఆలస్యంగా రావడం వల్ల ఇంత మేలు జరిగిన సందర్భం నాకు ఇంకొకటి తెలీదు.

అయితే శనక్కాయ రైతుకు ఇంకో సంగతి కూడా తెలుసు. ఊడలు దిగే వేళకు నీళ్లు లేకపోతే కాయ ఊరదు. బెట్ట ఎప్పటిదాకా అన్నదే అసలు లెక్క. 2021 వేసవిలో కోవిడ్ వైరస్ కొత్త రూపం డెల్టా వచ్చింది. జ్వరం, దగ్గు లాంటి లక్షణాలతో జబ్బు పడకుండా ఆపడంలో ఒక్క డోసు దాని మీద సుమారు 30 శాతమే పనిచేసింది. రెండు డోసులైతే ఈ టీకాకు 67 శాతం. అంటే మొదటి సూది ఏమీ పాడవలేదు. లోపల ఏరివేత దాని పాటికది సాగుతోంది. బయట మాత్రం మనిషి సగం గొడుగుతో వానలో నిలబడ్డాడు. మన దగ్గర గడువు పెంచిన మర్నాడే, మే 14న, బ్రిటన్ 50 ఏళ్లు దాటినవాళ్లకు 12 వారాల గడువును 8కి తగ్గించింది. రెండు దేశాల ముందున్న శాస్త్రం ఒకటే. వాళ్ల వృద్ధుల్లో చాలామందికి అప్పటికే ఒక డోసు పడింది, మన దగ్గర కోట్లమందికి ఒక్కటీ పడలేదు. వంద డోసులుంటే వందమందికి ఒక్కోటి వేయాలా, యాభైమందికి రెండేసి వేయాలా అన్న ప్రశ్నకు జవాబు ఊరిని బట్టి మారుతుంది. నా మటుకు నాకు, 60 దాటినవాళ్లకైనా ఎనిమిది వారాలకు ఆపి ఉంటే బాగుండేదనిపిస్తుంది. 2022 మార్చిలో మన నిపుణుల బృందం కూడా 8 నుంచి 16 వారాలని సిఫారసు చేసింది.

ఈ సంగతి పనికొచ్చేది కోవిడ్‌కు ఒక్కదానికే కాదు. మా వైపు నుంచి పనికోసం బెంగళూరుకు వలసపోయే ఇళ్లలో పిల్లల టీకాలు తప్పిపోవడం మామూలే. ఏ పండక్కో ఊరికొచ్చినప్పుడు తల్లులు కార్డు పట్టుకుని, "మళ్లా మొదట్నుంచి ఎయ్యల్లనా?" అని భయంగా అడుగుతారు. అక్కర్లేదు. తట్టు, రూబెల్లా టీకా రెండో డోసు 16 నుంచి 24 నెలల మధ్య వేయాలి. తప్పిపోతే ఎక్కడ ఆగిందో అక్కడినుంచే వేస్తారు. జ్ఞాపక కణాలు కార్డు మీది తేదీ చూసి చచ్చిపోవు. వేసేదాకా బిడ్డకు తట్టు సోకే ప్రమాదం మాత్రం ఉంటుంది, అంతే.

ఇదంతా నేను ఇంటింటికీ చెప్పి చెప్పి చివరికి ఏమైందంటే, పోయిన ఏడాది ఎదురింటి పిల్లోణ్ణి కుక్క కరిచింది. పిక్క మీద రెండు గాట్లు. సబ్బుతో, ధార నీళ్లకింద పావుగంట కడిగించాను. మొదటి సూది ఆ రోజే పడింది. తర్వాతివి మూడో రోజు, ఏడో రోజు, 28వ రోజు. మూడో రోజు వాళ్ల నాయన వచ్చి, "నువ్వే చెప్తివి కదన్నా, రెండో సూది లేటయితే ఏం కాదని. శనక్కాయ కోత ఉంది, ఆదివారం పోతాంలే" అన్నాడు. రేబిస్ వైరస్ ఒంట్లోకి పోయిందంటే నరం పట్టుకుని మెదడు వైపు నడుస్తూనే ఉంటుందని, యాంటీబాడీలు దానికంటే ముందే చేరాలని, అది బెట్టకు ఆగే పైరు కాదని వాకిట్లో నిలబడి చెప్పేంత ఓపిక నాకు లేకపోయింది. బండి తాళాలు తీసుకుని, "పిల్లోణ్ణి ఎక్కించు" అన్నాను.