శాన్ ఆంటోనియో గాలికి ‘సీరియస్’ ముద్ర: అపోహలు - వాస్తవాలు

2024 వేసవిలో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ, టెక్సస్‌లో శాన్ ఆంటోనియో ఉన్న మా బెక్సార్ కౌంటీని ఓజోన్ నాన్‌అటైన్‌మెంట్‌లో (అంటే గాలిలో ఓజోన్ ప్రమాణాన్ని మించిన ప్రాంతాల జాబితాలో) ‘మోడరేట్’ నుంచి ‘సీరియస్’కి మార్చింది. గాలి నాణ్యత ప్రణాళికల పనిలో ఉన్నానని తెలిసిన తెలుగువాళ్లందరూ అప్పటినుంచి “ఇక్కడి గాలి అంత పాడైపోయిందా?” అని ఫోన్ చేస్తున్నారు. వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లకైతే తలా తోకా ఉండదు.

అపోహ: గాలి ఒక్కసారిగా విషమైపోయింది, అందుకే సీరియస్ అన్నారు.

వాస్తవం: రాత్రికి రాత్రే ఏమీ మారలేదు. ఓజోన్‌కి 2015లో పెట్టిన ఫెడరల్ ప్రమాణం 70 పీపీబీ (గాలిలో వంద కోట్ల వంతుల్లో 70 వంతులు). గాలిని కొలిచే ప్రతి మానిటర్ దగ్గర రోజువారీ గరిష్ఠ ఎనిమిది గంటల సగటుల్లో ఏడాదికి నాలుగో అత్యధికాన్ని తీసుకుని, మూడేళ్లకి సగటు కడతారు. అంటే ఇది గడిచిన మూడేళ్ల లెక్క. 2018లో మనది ‘మార్జినల్’ (అన్నిటికన్నా కింది మెట్టు), గడువులోగా ప్రమాణానికి దిగకపోవడంతో 2022లో ‘మోడరేట్’. ఆ పై మెట్టుకి మార్చమని 2023లో టెక్సస్ గవర్నరే అడిగారు. దాంతో గడువు 2024 సెప్టెంబర్ నుంచి 2027 సెప్టెంబర్‌కి జరిగింది. బదులుగా ఫ్యాక్టరీల పర్మిట్లు బిగిశాయి. ఇదివరకు ఏడాదికి 100 టన్నులు వదిలితే పెద్ద కాలుష్య వనరు, ఇప్పుడు 50 టన్నులకే.

ఈ అపోహ వల్లే జనం అసలు చూడాల్సింది వదిలేస్తున్నారు. ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. “అన్నా, ఇంటికి అడ్వాన్స్ ఇచ్చేశాం. బాబుకి ఆస్తమా. వదిలేసుకోమంటావా?” పాపం, గొంతులోనే తెలుస్తోంది టెన్షన్. బాబు సాకర్ ప్రాక్టీస్ ఎన్నింటికని అడిగాను. నాలుగింటికట. పొద్దున్నే రోడ్డు మీద కార్ల పొగ ఉంటుందని వాకింగ్ మాన్పించి, ఎర్రటి ఎండలో గంటన్నర పరిగెత్తిస్తున్నారు!

ఓజోన్ సైలెన్సర్‌లోంచి నేరుగా రాదు. నైట్రోజన్ ఆక్సైడ్లూ, పెట్రోలు, పెయింట్ల ఆవిర్లూ ఎండకి కలిసి తయారవుతుంది. అందుకే మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఎక్కువ, తెల్లవారుజామున తక్కువ. ఇల్లు వదులుకోవద్దన్నాను. ముందురోజే టీసీఈక్యూ (టెక్సస్ రాష్ట్ర పర్యావరణ సంస్థ) ఇచ్చే ఓజోన్ హెచ్చరిక చూసుకోమనీ, ఆ రోజు ప్రాక్టీస్ మానేయమనీ, ఇన్‌హేలర్ సంగతి డాక్టర్ చెప్పినట్టే చేయమనీ చెప్పాను. మిగతా రోజుల్లో పిల్లాణ్ణి ఆడుకోనివ్వండి. ఏడాదంతా ఇంట్లో కట్టేయడానికి కారణమే లేదు.

అపోహ: డౌన్‌టౌన్‌లోనే కాలుష్యం, ఊరి చివర కొండల వైపు స్వచ్ఛం. వాస్తవం: వేసవిలో గాలి ఎక్కువగా ఆగ్నేయం నుంచి వీస్తుంది, ఊరి పొగ దారిలో ఓజోన్‌గా మారుతూ వాయవ్యానికి చేరుతుంది. అటువైపున్న క్యాంప్ బుల్లిస్ మానిటర్ రీడింగులు ఓసారి చూడండి.

మాస్క్ వేసుకుంటే చాలా? చాలదు. ఎన్95 ధూళిని ఆపుతుంది, ఓజోన్ వాయువుని ఆపదు. ఇక “ఓజోన్‌తో గాలి శుద్ధి” అని అమ్మే మెషీన్లు ఎవరింట్లోనైనా ఉంటే ఇవాళే ప్లగ్ పీకేయండి. ఆస్తమా ఉన్న ఇంట్లో డబ్బు పెట్టి మరీ ఓజోన్ పుట్టించుకుంటారా?

అపోహ: ఫెడరల్ ప్రభుత్వం సిటీకి జరిమానా వేస్తుంది, అది మన ప్రాపర్టీ ట్యాక్స్ మీద పడుతుంది.

అలాంటిదేం లేదు. ప్రణాళిక రాసి పంపాల్సింది రాష్ట్రం, అంటే టీసీఈక్యూ. రాష్ట్రం ఆ పని చేయకపోతే హైవే నిధులకు చిక్కు. సిటీ చేతిలో ఉన్నవి చిన్నవి, కానీ ఉన్నాయి. 14,000 పౌండ్లు దాటిన బండిని ఐదు నిమిషాలకు మించి ఇంజన్ ఆన్‌లో నిలపకూడదని 2016లోనే ఆర్డినెన్స్ తెచ్చింది. సిటీ సొంత విద్యుత్ సంస్థ సీపీఎస్ ఎనర్జీ 2018 చివర్లో డీలీ బొగ్గు ప్లాంటును మూసేసింది. నా లెక్కలో ఇన్నేళ్లలో పెద్ద అడుగు అదే.

మన జేబుకి తగిలేది వేరే ఉంది. 2026 నవంబర్ నుంచి బెక్సార్‌లో పెట్రోలు కార్లకు ఎమిషన్ టెస్ట్ తప్పనిసరి చేస్తూ రూల్ పెట్టారు. అది రాష్ట్రం పెట్టింది, సిటీని తిట్టి లాభం లేదు. కొత్త కారుకి మొదటి రెండేళ్లూ, ఎలక్ట్రిక్ కారుకి ఎప్పుడూ ఆ టెస్ట్ అక్కర్లేదు.