గ్రాంటా, అప్పా: తుర్కపల్లి తగవుకు 2005లో పడిన ముడి

చిన్న కంపెనీల పరిశోధనకు సర్కారు ఇచ్చే డబ్బు గ్రాంటుగా ఉండాలా, అప్పుగా ఉండాలా? హైదరాబాద్ శివారు తుర్కపల్లి చుట్టూ బయోటెక్ కంపెనీలున్న జీనోమ్ వ్యాలీలో ఈ మాట మళ్లీ రాజుకుంది. రాజేసింది లక్ష కోట్ల రూపాయల ఆర్‌డీఐ (పరిశోధన, అభివృద్ధి, ఇన్నోవేషన్) నిధి. 2025 జులై 1న కేంద్ర కేబినెట్ దీనికి ఆమోదం తెలిపింది, నవంబర్ 3న ప్రధాని ప్రారంభించారు. ఇందులో గ్రాంటు లేదు. తక్కువ వడ్డీకో, వడ్డీ లేకుండానో దీర్ఘకాలపు అప్పు, కాదంటే కంపెనీలో వాటా. అది కూడా ల్యాబులో పనిచేస్తుందని రుజువైన టెక్నాలజీకే. ఈ డబ్బును కంపెనీలకు చేర్చే సంస్థల్లో కేంద్ర బయోటెక్నాలజీ విభాగం కిందున్న బైరాక్ ఒకటి. చిన్నవాళ్లకు ఇన్నాళ్లూ గ్రాంటు రాసిన చెయ్యే ఇప్పుడు అప్పుపత్రం కూడా రాయబోతోంది. తుర్కపల్లిలో టెన్షన్ అందుకే.

శాంతా బయోటెక్నిక్స్ పెట్టిన వరప్రసాద్ రెడ్డి బ్యాంకుల చుట్టూ తిరగడం, చివరికి ఒమన్ విదేశాంగ మంత్రి డబ్బు పెట్టడం, 1997లో శాంతా హెపటైటిస్-బి టీకా బయటికి రావడం హైదరాబాద్‌లో ఎన్నోసార్లు చెప్పుకున్న కథే. దాన్ని పక్కన పెడదాం. ఇప్పటి తగవుకు మూలం 2005లో ఉంది.

ఆ ఏడాది కేంద్ర బయోటెక్నాలజీ విభాగం చిన్న కంపెనీల పరిశోధనకు డబ్బిచ్చే ఎస్‌బీఐఆర్‌ఐ అనే పథకం మొదలుపెట్టింది. అమెరికాలో ఎస్‌బీఐఆర్ అని ఉన్నదానికి చివర ఒక అక్షరం తగిలించారు, అంతే. పేరు తెచ్చుకున్నాం సరే, లోపలి సరుకు ఎంత తెచ్చుకున్నాం?

అమెరికా పథకాన్ని మలిచినవాడు రోలాండ్ టిబెట్స్. అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌లో ప్రోగ్రాం మేనేజర్. సెనేటర్ ఎడ్వర్డ్ కెనెడీ ఒత్తిడి వెనకుండగా 1977లో పని మొదలైంది. టిబెట్స్ ఆలోచన చాలా సూటిగా ఉంటుంది. ఏ ఇన్వెస్టరూ ముట్టుకోని తొలి దశలోనే సర్కారు డబ్బు పెట్టాలి, కానీ కొంచెమే పెట్టాలి. మొదటి దశలో ఆరు నెలలకు 25 వేల డాలర్లు. ఆలోచన నిలబడితే రెండో దశలో పెద్ద మొత్తం, అదీ తిరిగి కట్టాల్సిన పని లేకుండానే. మూడో దశలో ఈ పథకం నుంచి పైసా రాదు, మార్కెట్లో తెచ్చుకోవాల్సిందే. కంపెనీలో ప్రభుత్వం వాటా అడగదు. 1980లలో ఇలా డబ్బు అందుకున్న చిన్న సంస్థల్లో ఇప్పటి మొబైల్ చిప్‌ల కంపెనీ క్వాల్‌కామ్ ఒకటి. హైటెక్ సిటీ వైపు రోజూ వెళ్లేవాళ్లకు ఆ బోర్డు కొత్త కాదు.

1982 జులైలో రీగన్ సంతకంతో ఇది చట్టమైంది. తమ పరిశోధనకు కోత పడుతుందని యూనివర్సిటీలు గట్టిగానే అడ్డుపడ్డాయి. అయినా బయటివాళ్లతో చేయించే పరిశోధనకు ఏటా 10 కోట్ల డాలర్లకు మించి ఖర్చుపెట్టే ప్రతి కేంద్ర శాఖా అందులో కొంత శాతం చిన్న కంపెనీలకు విడిగా పెట్టాల్సి వచ్చింది. మొదట 0.2 శాతం. 2017 నాటికి అది 3.2 శాతానికి చేరింది.

2005లో మనం తెచ్చుకోని సరుకు సరిగ్గా ఇదే. శాతం లేదు, చట్టం లేదు. రెండో దశ అయితే అప్పుగా మారింది. తక్కువ వడ్డీయే, కాదనను. కానీ మందు పరీక్షలో తప్పిందంటే కంపెనీకి మిగిలేది ఆ బాకీ ఒక్కటే. మొదటి దశలో గ్రాంటు తీసుకుని పని చూపించినవాళ్లు రెండో దశ గుమ్మం దగ్గర ఎందుకు జంకుతారో అర్థం కావాలంటే ఈ ఒక్క మార్పు చాలు. నా లెక్కలో తగవంతా ఇక్కడ పుట్టిందే.

అప్పుడు విభాగం కార్యదర్శి ఎం.కె. భాన్, వృత్తిరీత్యా పిల్లల డాక్టరు. 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో నవజాత శిశువుల నుంచి, పిల్లల్లో విరేచనాలు తెచ్చే రోటావైరస్ 116ఇ రకాన్ని వేరుచేసిన బృందం ఆయనదే. దాని నుంచి భారత్ బయోటెక్ ఇక్కడ తయారుచేసిన రోటావాక్ టీకా 2015లో విడుదలైంది. మధ్యలో గడిచినవి దాదాపు 30 ఏళ్లు. అన్నేళ్లు ఆగే అప్పు ఏ బ్యాంకు దగ్గరుంది? ఆ ప్రయాణంలో పెద్ద ఆసరా ప్రభుత్వ విభాగాల, విదేశీ దాతల గ్రాంట్లే.

బహుశా ఆ అనుభవం వల్లనేమో, భాన్ హయాం చివర్లో దారి మళ్లింది. 2012 మార్చిలో బైరాక్ పుట్టింది. లాభాపేక్ష లేని ప్రభుత్వ కంపెనీ అది. దాని బిగ్ (బయోటెక్నాలజీ ఇగ్నిషన్ గ్రాంట్) పథకంలో కంపెనీ ఇంకా పెట్టని మనిషికి కూడా 18 నెలలకు 50 లక్షల రూపాయల దాకా గ్రాంటు దొరికింది. పూచీకత్తు అక్కర్లేదు. దరఖాస్తులు వడపోసి, వెన్నంటి ఉండే పని పడిన తొలి భాగస్వాముల్లో తుర్కపల్లిలోని ఐకేపీ నాలెడ్జ్ పార్క్ ఒకటి. టిబెట్స్ మొదటి దశ మన దగ్గరికి నిజంగా చేరింది ఏడేళ్లు ఆలస్యంగా అన్నమాట.

అప్పు వైపు వాదన కూడా ఉంది. ప్రజల సొమ్ము ఊరికే పంచితే జవాబుదారీ ఉండదని, గ్రాంటు మీద గ్రాంటు తెచ్చుకుంటూ సరుకు అమ్మకుండానే బతికేసే కంపెనీలు తయారవుతాయని అంటారు. మాట కొట్టిపారేసేది కాదు. అమెరికాలోనూ ఇదే గొడవ. ఒక్కో కంపెనీకి జీవితకాలంలో 7.5 కోట్ల డాలర్లకు మించి ఇవ్వకూడదని సెనేటర్ జోనీ ఎర్న్‌స్ట్ బిల్లు పెట్టారు. ఉన్నదాన్ని ఉన్నట్టే కొనసాగించాలని మరో సెనేటర్ ఎడ్ మార్కీ పట్టుబట్టారు. ఈ పేచీ తెగకుండానే 2025 సెప్టెంబర్ 30న ఎస్‌బీఐఆర్ పథకం గడువు తీరిపోయింది. చట్టం ఉన్నచోట కూడా ఇలా అవుతుందని అప్పు పక్షం వేలెత్తి చూపిస్తోంది. అయితే ఆ రాత్రి ఆగింది ఏమిటో, అది మళ్లీ నడవాలంటే ఎవరు ఓటెయ్యాలో అక్కడి చిన్న కంపెనీకి అప్పుడే తెలుసు.

ఇక్కడ అలా కాదు. బైరాక్‌కు ఛైర్మన్ బయోటెక్నాలజీ విభాగం కార్యదర్శే. బిగ్ నిలవాలన్నా, పెరగాలన్నా, మెల్లగా పక్కకు జరగాలన్నా ఆ కుర్చీ, ఆ ఏటి బడ్జెట్ చాలు. పార్లమెంటు దాకా పోనక్కర్లేదు. ఆర్‌డీఐకి దరఖాస్తు పెట్టాలంటే టెక్నాలజీ ఎంత సిద్ధమైందో కొలిచే తొమ్మిది మెట్లలో కనీసం నాలుగో మెట్టు మీద ఉండాలి. అంతకు ముందు మూడు మెట్ల ఖర్చు ఎవరు పెట్టుకోవాలో ఆ పథకం చెప్పదు.