కరుణరసం గ్లిజరిన్‌తో రాదు: సీన్ రాసేవాళ్ల అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో షార్ట్ ఫిల్మ్‌లు తీసే కుర్రాళ్ల స్క్రిప్టుల్లో ‘ఇక్కడ కరుణరసం’ అని మార్జిన్‌లో రాసి ఉంటుంది. సెట్‌కు వెళ్లేసరికి దాని అర్థం గ్లిజరిన్, క్లోజప్, వయొలిన్. తీరా ఎడిటింగ్‌లో చూస్తే తెరమీద మనిషి వెక్కివెక్కి ఏడుస్తుంటాడు, చూసేవాడికి చీమ కుట్టినట్టయినా ఉండదు.

అపోహ: నటుడు ఏడిస్తే కరుణ పుడుతుంది.

వాస్తవం: నాట్యశాస్త్రం రాసిన భరతుడి రససూత్రంలో ముందున్నది విభావం, అంటే భావం పుట్టడానికి కారణం. కన్నీళ్లు ఎనిమిది సాత్త్విక భావాల్లో (మనసు కదిలితే ఒంట్లో వాటంతటవే కనబడే మార్పుల్లో) ఒకటి, అదీ ఫలితం. కారణం మనసుకు ఎక్కకముందే ఫలితం చూపిస్తే సీన్ చచ్చిపోతుంది.

చిత్తూరులో పల్ప్ ఫ్యాక్టరీ ముందు తోతాపురి మామిడి లోడుతో క్యూలో ఉన్న రైతు సీన్ తీసుకోండి. నిడివి మూడు నిమిషాలు. ఆలంబనం, అంటే భావానికి ఆధారం, ఆ లోడు. మొదటి నిమిషంన్నర మొహం జోలికి పోవద్దు. ఉద్దీపనాలు, అంటే ఆ భావాన్ని ఎగదోసే పరిసరాలు, చూపండి: ట్రాలీ సందుల్లోంచి కారే కుళ్లు నీరు, ముసిరే ఈగలు, కదలని ట్రాక్టర్లు. తర్వాత అనుభావం, అంటే భావాన్ని బయటపెట్టే చేష్ట: మెత్తబడిన కాయల్ని ఏరి పక్కన పెట్టే చేతులు. వచ్చిపోయే 33 వ్యభిచారి భావాల్లో శంక, చింత, దైన్యం చాలు. నాలుగోది దూరిస్తే ఏదీ నిలబడదు. అప్పుడు కూతురి ఫోన్.

‘‘కాయలు దించేసినావా నాయనా?’’

‘‘ఆ... అయిపోతాది లేమ్మా.’’

ఇక్కడ గొంతు జీరపోవాలి. స్వరభేదం ఇదే, క్లోజప్ దీనికే. సంగీతం అంతకుముందే మొదలైతే ఆ జీర వినబడదు.

గేటు తెరుస్తారన్న ఆశ ఉన్నంతసేపూ అది చింతే, కరుణకు స్థాయి (సీన్ అంతా నిలిచే ముఖ్య భావం) అయిన శోకం కాదు. విప్రలంభానికీ (ప్రేమికుల ఎడబాటుకూ) కరుణకూ భరతుడు గీసిన గీత కూడా ఈ ఆశే. రేణిగుంట ప్లాట్‌ఫాం మీద ప్రేమికుల వీడ్కోలుకు కరుణ సంగీతం వేస్తే వాళ్లు మళ్లీ కలవరని ప్రేక్షకుడు తేల్చేసుకుంటాడు. అందుకే రైతు సీన్‌లో ఫ్యాక్టరీవాళ్ల ‘కొనుగోలు ఆపేశాం’ అన్న మాటను చివరి ఇరవై సెకన్ల దాకా దాచండి. ‘నాకు చాలా బాధగా ఉంది’ లాంటి డైలాగులు కొట్టేయండి. భావాన్ని పేరుపెట్టి చెప్పడం దోషమని ‘కావ్యప్రకాశం’ రాసిన మమ్మటుడు ఏనాడో తేల్చాడు.

సినిమాలో నవరసాలూ ఉండి తీరాలన్నది వట్టి పుకారు. ఒకటి ప్రధానం, తక్కినవి దానికి అంగాలు. భరతుడు లెక్కపెట్టినవే ఎనిమిది, శాంతం తర్వాత చేరింది. బీభత్సానికి నెత్తురే అక్కర్లేదు, ఆ కుళ్లు నీరు చాలు.

సంస్కృతం రాదే అని బెంగపడకండి. సీన్‌కు నాలుగు గడులు గీసి స్థాయి, విభావం, అనుభావం, వ్యభిచారి నింపండి. విభావం గడి ఖాళీగా ఉన్న సీన్‌కు కెమెరా అద్దెకు తేవద్దు.