నల్లా వచ్చే వేళ
సండే స్కూలు పిల్లలకు ఒక ఉత్తరం

ప్రియమైన పిల్లలకు,

ప్రభువు నామంలో మీకందరికీ తాతయ్య వందనాలు. మోకాళ్ల నొప్పి వల్ల ఈ నెలంతా మీ మేడమీది తరగతికి రాలేకపోయాను. అయినా మీరు నన్ను మరచిపోకుండా, అడ్వెంట్ (క్రిస్మస్‌కు ముందు సిద్ధపడే వారాలు) మొదటి ఆదివారం పాస్టరుగారు పదిమంది కన్యకల గురించి ప్రసంగించిన తర్వాత మీలో ఒక అమ్మాయికి వచ్చిన సందేహాన్ని చీటీ మీద రాసి పంపించారు. "ప్రభువు పక్కన సిలువ మీదున్న దొంగ చావబోయే చివరి నిమిషంలో నన్ను జ్ఞాపకం చేసుకొమ్మని అడిగినా యేసుప్రభువు కాదనలేదు కదా, మరి మేము కూడా ఆడుకోవలసినంత ఆడుకొని, పెద్దవాళ్లమై, మీలాగ ముసలివాళ్లమయ్యాక రక్షణ పొందితే నష్టమేమిటి?" అని అందులో ఉంది. దాని కింద వేరొకరి చేతిరాతతో, "ప్రభువు మళ్లీ వచ్చే తేదీ చెబితే ముందురోజు నుంచి బుద్ధిగా ఉంటాం" అని కూడా ఉంది. ఆ రెండో మాట రాసినవాడెవడో అక్షరాల వంకరను బట్టి నాకు తెలుసు గాని, పేరు చెప్పను.

తేదీ సంగతి ముందు తేల్చేస్తాను. ఆ దినమును గూర్చియు ఆ గడియను గూర్చియు తండ్రికి తప్ప, పరలోకంలోని దూతలకు గాని చివరకు తనకు గాని తెలియదని యేసుప్రభువే మత్తయి సువార్త 24వ అధ్యాయంలో చెప్పారు. అయినా లెక్కలు కట్టినవారు లేకపోలేదు. అమెరికాలో విలియం మిల్లర్ అనే బోధకుడు దానియేలు గ్రంథంలోని 2300 దినాలను సంవత్సరాలుగా లెక్కించగా, ఆయన వెంట ఉన్నవారు చివరకు 1844 అక్టోబరు 22 అని ఒక తేదీ నిర్ణయించారు. వేలమంది ఎదురుచూశారు, కొందరైతే పొలాల్లో పంట కూడా కోయకుండా వదిలేశారు, కాని మరుసటి రోజు మామూలుగానే తెల్లవారింది. మొన్నమొన్న 2011లో హెరాల్డ్ క్యాంపింగ్ అనే రేడియో బోధకుడు మే 21 అన్నాడు, అది దాటిపోయాక అక్టోబరు 21 అన్నాడు, అదీ దాటిపోయాక మరుసటి ఏడు తన తప్పు ఒప్పుకున్నాడు. ఇప్పుడు మీ సెల్‌ఫోన్లలో తేదీలు చెప్పేవాళ్లు కనబడితే ఈ ఇద్దరినీ గుర్తుచేసుకోండి. అసలు తేదీ తెలిస్తే మనమంతా ఇన్‌స్పెక్టరు వచ్చే రోజున మాత్రమే బోర్డు తుడిచే బడిలాగ తయారవుతాము.

ఆయన మళ్లీ వస్తారనీ, సజీవులకూ మృతులకూ తీర్పు తీరుస్తారనీ మనం ప్రతి ఆదివారం నిలబడి విశ్వాస ప్రమాణంలో చెబుతూనే ఉన్నాం. ఏది ముందు, ఏది తర్వాత అన్న విషయంలో మాత్రం సంఘాలన్నీ ఒకే మాట మీద లేవు. లోకాంతానికి ముందు వచ్చే మహాశ్రమలకు ముందే సంఘం ఎత్తబడుతుందని, అంటే ప్రభువు తనవారిని తన దగ్గరికి తీసుకుపోతాడని, కొందరంటారు, తర్వాతనని కొందరంటారు, ప్రకటన గ్రంథం 20వ అధ్యాయంలోని వెయ్యేండ్లను ఉన్నది ఉన్నట్లుగా తీసుకోవాలని కొందరు, కూడదని మరికొందరు అంటారు. నేను కూడా వీటి మీద చాయ్ చల్లారిపోయేదాకా వాదించినవాడినే. ఆ వాదనల వల్ల చాయ్ పోయింది గాని నాకు ఒరిగిందేమీ లేదు కనుక మీకు వాటిని ఇక్కడ చెప్పను. మీ ప్రశ్నకు నాకు తెలిసిన ఒకే ఒక్క వస్తువుతో జవాబు చెబుతాను. అది నల్లా.

మీ అపార్టుమెంట్లలో ఏ వేళ తిప్పినా మేడమీది ట్యాంకులోంచి నీళ్లు వస్తాయి కనుక నల్లా కోసం ఎదురుచూడడం అంటే ఏమిటో మీకు తెలియదు. 1962లో నాకు తొమ్మిదేళ్లు. నాంపల్లి స్టేషను వెనుక బస్తీలో ఉండేవాళ్లం, నాన్న గూడ్స్ షెడ్డులో పనిచేసేవాడు. సందు మొగలో ఒక సర్కారీ నల్లా ఉండేది. లైన్‌మన్ సైకిలు మీద పొడవాటి ఇనుప తాళంచెవి కట్టుకొని వచ్చి, రోడ్డు మీది మూత తీసి వాల్వు తిప్పితే గండిపేట నీళ్లు మా సందులోకి వచ్చేవి. అతను తెల్లవారుజామున నాలుగింటికి వస్తాడో, మధ్యాహ్నం వస్తాడో ఎవరికీ తెలిసేది కాదు. అందుకని ఇత్తడి బిందెలు, మట్టికుండలు, డాల్డా డబ్బాలు ముందురోజు రాత్రే వరుసలో చేరేవి. బిందె ఖాళీ లేనివాళ్లు దాని చోట ఒక రాయి పెట్టి వెళ్లేవారు. నీళ్లు రాబోయే ముందు గొట్టంలోంచి బుస్సుమని గాలి వచ్చేది, ఆ తర్వాత తుప్పు రంగు నీళ్లు రెండు దోసిళ్లు పడేవి, ఆ తర్వాత తెల్లని ధార. మా అమ్మ నిద్రలో ఉండి కూడా ఆ బుస్సును వినేది. పక్కన పెద్ద గూడ్సు బండి షంటింగు చేస్తున్నా లేవని మనిషి, ఆ చిన్న చప్పుడుకు లేచి కూర్చునేది.

పాస్టరుగారు చెప్పిన కథలో పదిమంది కన్యకలు దీపాలు పట్టుకొని పెండ్లికుమారుని కోసం ఎదురుచూశారు; ఐదుగురు నూనె వెంట తెచ్చుకోలేదు, వారు కొనుక్కొని వచ్చేసరికి తలుపు వేసేశారు. ఆ కన్యకలు పదిమందీ నిద్రపోయారని మత్తయి రాశాడు, గమనించారా? బుద్ధిగలవారు కూడా నిద్రపోయారు. నిద్రపోవడం తప్పు కాదు, నూనె లేకపోవడం తప్పు. మా అమ్మ కూడా నిద్రపోయేది, కాని బిందె తోమి వరుసలో పెట్టాకనే నిద్రపోయేది.

ఇంకొక సంగతి. సందు చివర ఒక ముసలమ్మ ఉండేది, ఆమె వరుసలో ఎప్పుడూ చివరిదే. లైన్‌మన్ తాళంచెవి చేత పట్టుకొని వాల్వు కట్టేయడానికి వచ్చి, ఆమె బిందె ఇంకా నిండలేదని చూసి బీడీ ముట్టించుకొని నిలబడేవాడు. బీడీ అయిపోయినా నిలబడేవాడు. మేము పిల్లలం ఇతను పని మరచిపోయాడనుకొనేవాళ్లం. ప్రభువు ఆలస్యం చేస్తున్నాడని కొందరనుకుంటారు గాని ఆయన ఎవరూ నశించకూడదని దీర్ఘశాంతంతో ఉన్నాడని పేతురు తన రెండవ పత్రికలో రాసిన మాట చదివినప్పుడల్లా నాకు ఆ బీడీ వాసనే గుర్తుకొస్తుంది. ఇది పాస్టరుగారికి చెప్పకండి.

ఇప్పుడు నాకు జరిగింది చెబుతాను. ఒక శనివారం అమ్మ నన్ను వరుసలో నిలబెట్టి వంటకు వెళ్లింది. నా ముందు పదిహేను బిందెలున్నాయి కదా అని నేను గోడ వెనుక గోటీలాటకు పోయాను. ఎంతసేపు ఆడానో తెలియదు. తిరిగి వచ్చేసరికి నల్లా ధారగా పోస్తున్నది, మొదటి బిందె నిండి పొంగి నీళ్లు మోరీలోకి పోతున్నాయి, మనుషులు మాత్రం ఒక్కరూ లేరు. నీళ్లు వస్తుండగా నల్లా దగ్గర మనిషి లేకపోవడం మా బస్తీలో అంతకు ముందెన్నడూ జరగలేదు. ఆ ముందు వారమే మా సండే స్కూలు టీచరు, ఇద్దరు స్త్రీలు తిరుగలి విసరుచుండగా ఒకతె తీసికొనిపోబడును, ఒకతె విడిచిపెట్టబడును అన్న వాక్యాన్ని మాతో కంఠతా పెట్టించారు. నాకు కాళ్లలో సత్తువ పోయింది. అందరూ ఎత్తబడ్డారు, నేను విడిచిపెట్టబడ్డాను, అదీ గోటీల కోసం, అనుకొని ఆ తడి నేల మీదే కూర్చొని ఏడ్చాను. అంతలో అమ్మ చీర కొంగు నడుముకు దోపుకొని సందు మలుపులో కనబడింది. అమ్మ ఇక్కడే ఉందంటే ప్రభువు ఇంకా రాలేదన్నమాట అని నా ప్రాణం లేచివచ్చింది. అంతటి భయంలో కూడా, అమ్మ విడిచిపెట్టబడి ఉండవచ్చునన్న ఆలోచన నాకు రాలేదు.

జరిగిందేమంటే, నాన్నతో పాటు గూడ్స్ షెడ్డులో పనిచేసే పక్కింటాయన గడప దగ్గర కుప్పకూలిపోతే అందరూ బిందెలు వదిలేసి అటు పరుగెత్తారు. ఆయన మళ్లీ లేవలేదు. పాస్టరుగారు ఇంటికి వచ్చినప్పుడల్లా ఎంతో మర్యాదగా కుర్చీ వేసి, "పెన్షనొచ్చాక అయ్యగారూ, పెన్షనొచ్చాక తప్పకుండా" అనేవారాయన. పెన్షనుకు ఇంకా రెండేళ్లుంది. ఆయన సంగతి దేవుడికెరుక; ఆ గడప మీద ఆఖరి క్షణాన ఆయన మనసులో ఏమనుకున్నారో నాకు తెలియదు కనుక నేను తీర్పు చెప్పను, మీరు కూడా ఎవరి గురించీ చెప్పకండి.

ఈ దెబ్బతో నేను మారిపోయి ఉంటానని మీరనుకుంటున్నారేమో. మూడు రోజులు మోకరించి ప్రార్థన చేశాను. నాలుగో రోజు గోటీలు. భయం ఎంత పెద్దదైనా దాని ఆయుష్షు తక్కువ, పిల్లలూ. అందుకనే నేను మిమ్మల్ని భయపెట్టదలచుకోలేదు.

వాయిదా వేయడంలో నష్టమేమిటని కదా మీ ప్రశ్న. అపొస్తలుల కార్యములు 24వ అధ్యాయం తీయండి. కైసరయలో ఫేలిక్సు అనే రోమా అధిపతి, చెరలో ఉన్న పౌలును పిలిపించుకొని విన్నాడు. పౌలు నీతిని గూర్చీ, ఆశానిగ్రహాన్ని గూర్చీ, రాబోవు విమర్శను, అంటే దేవుని తీర్పును గూర్చీ మాట్లాడుతుంటే అంతటి అధికారి భయపడ్డాడు. భయపడి, నాకు సమయమైనప్పుడు నిన్ను పిలువనంపుదును అన్నాడు. చాలామంది కథను ఇక్కడే ఆపేస్తారు, కాని తర్వాతి వచనం చూడండి. అతనికి సమయమైంది! ఒకసారి కాదు, మాటిమాటికి పౌలును పిలిపించి మాట్లాడాడు. ఎందుకంటే పౌలు లంచం ఇస్తాడేమోనని. రెండేళ్లు అలా గడిచాక అతని స్థానంలో పోర్కియు ఫేస్తు వచ్చాడు, పౌలు మాత్రం చెరలోనే ఉన్నాడు. ఆ రెండేళ్లలో పౌలు మారలేదు, తలుపు కూడా మూయబడలేదు. కాని ఫేలిక్సు మళ్లీ భయపడ్డాడని మాత్రం అక్కడ ఎక్కడా రాసి లేదు.

తర్వాతి కాలంలో మా ఇంట్లోకే నల్లా కనెక్షను వచ్చింది. ఒక ఎండాకాలం మేము రెండు నెలలు ఊరికి పోయి వచ్చేసరికి అది బిగుసుకుపోయింది. నాన్న గాసునూనె పోసి, పానా పెట్టి, మోకాలు గోడకు ఆనించి తిప్పాడు. అవతల గొట్టం నిండా నీళ్లున్నాయి, లోపల వాషరు ఎండి పట్టేసింది, అంతే. ముసలితనంలో చూద్దాంలే అనుకునేవాడు నీళ్లుంటాయా ఉండవా అని లెక్క వేస్తాడు గాని, తన నల్లా తిరుగుతుందా లేదా అన్నది లెక్క వేయడు.

మీలో తెలివైనవారు ఈపాటికి నన్ను పట్టుకొనే ఉంటారు: "తాతయ్యా, నల్లా ఇవాళ తప్పిపోతే ఎల్లుండి వస్తుంది కదా, పక్కింటివాళ్లు ఒక బిందె అప్పిస్తారు కదా!" నిజమే. కన్యకల కథలో నూనె అప్పు పుట్టలేదు, తలుపు వేయబడ్డాక మళ్లీ తీయబడలేదు. నా పోలిక అక్కడ పనిచేయదు. డెబ్బై ఏళ్లుగా దీనినే నమ్ముకొని ఉన్నాను కనుక వదలబుద్ధి కాక ఇంతదూరం లాక్కొచ్చాను.

ఇక ఆ దొంగ. అతను వాయిదా వేశాడని మీకెవరు చెప్పారు? ముందు అతను కూడా తోటి దొంగతో కలిసి ప్రభువును నిందించినట్లు మత్తయి రాశాడు. అంతకు ముందెప్పుడైనా ఆయనను విన్నట్లు మాత్రం ఎక్కడా లేదు. ఆయనను దగ్గరగా చూసిన ఆ రోజే, ఆ కొద్ది గంటల్లోనే అడిగేశాడు. మీరు పాలసీసా పట్టుకున్న నాటి నుంచి ఆయన పాటలు వింటున్నారు. మీతో పోలిస్తే ఆ దొంగ చాలా తొందరపడిన మనిషి. రెండో ప్రక్కన ఉన్నవాడికి కూడా అదే చివరి నిమిషం, అదే దూరం దొరికాయి. చివరి నిమిషానికి మనసును మెత్తబరచే శక్తి ఉంటే, అతను కూడా అడిగి ఉండేవాడు.

నా సంగతి కూడా దాచకుండా రాస్తాను. నేను నా హృదయాన్ని ప్రభువుకు ఇచ్చింది 1980లో, 27 ఏళ్ల వయసులో, ఒక మంగళవారం రాత్రి, ఉరుములూ మెరుపులూ ఏమీ లేకుండా. ఆయన ఆలస్యమైందని నన్ను ఒక్క మాట అనలేదు. కాని అప్పటికి అమ్మ పోయి రెండేళ్లైంది. ప్రతి రాత్రి నా కోసం ఆమె మోకరించిన చాప ఇంకా ఇంట్లోనే ఉండేది.

క్రిస్మస్ సెలవుల్లో మీరొక పని చేయండి. నోవహు దినములలో జనులు తినుచు త్రాగుచు పెండ్లి చేసికొనుచు ఉండగా జలప్రళయం వచ్చిందని అదే మత్తయి 24లో ఉంది. మన ఊరికి కూడా అలాంటి రోజు ఒకటి ఉంది, 1908 సెప్టెంబరు 28. ఆ రోజున మూసీ పొంగి ఒడ్డున ఉన్న బస్తీలను తుడిచిపెట్టింది, వేలమంది పోయారు. అలాంటి వరద మళ్లీ రాకూడదనే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు, గండిపేట చెరువు 1920లో పూర్తయింది. నేను తాగి పెరిగిన నల్లా నీళ్లు ఆ వరద తర్వాత వచ్చినవే. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక ముసలి చింతచెట్టు ఉంది. ఆ వరదలో దాదాపు 150 మంది దాని కొమ్మలెక్కి బ్రతికారు. అమ్మానాన్నలను వెంట తీసుకొని వెళ్లి ఆ చెట్టు కింద కాసేపు నిలబడండి. మొదలు చుట్టూ చేతులు పట్టుకొని నిలబడితే మీలో ఎంతమంది సరిపోతారో చూడండి. అన్నిటికంటే కింద ఉన్న కొమ్మ ఎంత ఎత్తున ఉందో, మీ అంత పిల్లలు తమంతట తాము అందుకోగలరా, లేక పైనున్నవారెవరైనా చేయి అందించవలసి ఉంటుందా, బాగా చూసి నాకు ఉత్తరం రాయండి. నేను ఆ చెట్టును చూసి చాలా ఏళ్లైంది, కొమ్మ ఎత్తు నాకు గుర్తు లేదు.

ప్రభువునందు,
మీ తాతయ్య